సీటు వచ్చింది సరే, ఫీజు ఎవరు కడతారు?

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. చేతిలో కొడుకు ఐ-20 కాగితం ఉంది. "అయ్యగారూ, బాబుకి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసా కోసం ప్రార్థన చేయండి" అన్నాడు. ప్రార్థన చేశాను. తర్వాత మాటల్లో తెలిసింది, ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు అప్పు తీసుకుంటున్నారని. యూనివర్సిటీ ఏమైనా సాయం చేస్తోందా అని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "వాళ్లు కూడా ఇస్తారా అయ్యగారూ?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో దాదాపు 2 లక్షల మంది ఎమ్మెస్, పీహెచ్‌డీ వంటి పై చదువుల్లో ఉన్నవారే. మన రెండు రాష్ట్రాల నుండి వెళ్లినవారు వీరిలో ఎందరో మన వీధుల్లోనే కనిపిస్తుంది. అయినా చాలా కుటుంబాలకు కన్సల్టెన్సీ చెప్పేది సీటు గురించి, బ్యాంకు చెప్పేది లోను గురించి. యూనివర్సిటీయే డబ్బిచ్చి చదివించే దారి ఒకటుందని చెప్పేవారు తక్కువ.

ఆ దారి ఇలా ఉంటుంది. అమెరికాలో సైన్సు, ఇంజినీరింగ్ శాఖల్లో పీహెచ్‌డీకి తీసుకున్న విద్యార్థికి సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా ఇస్తారు. బదులుగా అతడు డిగ్రీ విద్యార్థులకు పాఠాలు, ల్యాబులు చూసుకోవాలి, లేదా ప్రొఫెసర్ పరిశోధనలో పని చేయాలి. మొదటిది టీచింగ్ అసిస్టెంట్‌షిప్, రెండోది రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని వీసా నిబంధన. ఇది దానం కాదు, చేసిన పనికి ఇచ్చే జీతం. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఎమ్మెస్ సంగతి వేరు. అక్కడ ఎక్కువమంది సొంత డబ్బుతోనే చదువుతారు. అసిస్టెంట్‌షిప్‌లు ముందు పీహెచ్‌డీ వారికి వెళ్తాయి, మిగిలినవే ఎమ్మెస్ వారికి. అయినా చిన్న తలుపులు కొన్ని ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌నే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీపడి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకున్న విద్యార్థి, బయటివారి ఫీజు బదులు ఆ రాష్ట్రవాసుల ఫీజు కట్టే వీలు చట్టంలో ఉంది. స్కాలర్‌షిప్ చిన్నదే, తగ్గే ఫీజు దానికి ఎన్నో రెట్లు. కానీ దాని గడువు దాటాక వీసా ప్రార్థనకు వస్తే ఏం లాభం?

ఇప్పుడు ఈ దారి కూడా ఇరుకవుతోంది. రీసెర్చ్ అసిస్టెంట్ జీతం ప్రొఫెసర్‌కు వచ్చే పరిశోధన నిధుల్లోనుండి వస్తుంది. ఆ నిధుల్లో పెద్ద భాగం అమెరికా ఫెడరల్ ప్రభుత్వానివి. 2025 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ, పరిశోధన నిర్వహణ ఖర్చులకు 15 శాతమే ఇస్తామని ప్రకటించింది. కోర్టులు అడ్డుకున్నాయి గాని, యూనివర్సిటీలు అప్పటికే చేతులు ముడుచుకున్నాయి. మసాచుసెట్స్ యూనివర్సిటీకి చెందిన చాన్ మెడికల్ స్కూల్ ఇచ్చిన పీహెచ్‌డీ సీట్లనే వెనక్కి తీసుకుంది. కనుక ఆఫర్ లేఖ రాగానే సంబరపడకుండా, ఈ డబ్బు ఎన్నేళ్లు, ప్రొఫెసర్ నిధులు ఆగిపోతే డిపార్ట్‌మెంట్ ఆదుకుంటుందా అని రాతపూర్వకంగా అడగాలి.

డబ్బు ఎంతకాలం వస్తుందో చదువూ అంతకాలమే సాగుతుందని డాక్టర్ అంబేడ్కర్ జీవితమే చెబుతుంది. 1913లో నెలకు పదకొండున్నర పౌండ్ల బరోడా సంస్థాన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. 1917లో ఆ గడువు తీరిపోతే లండన్ చదువును మధ్యలో వదిలి ఇంటికి రావలసి వచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, మరికొందరి సాయంతో 1920లో మళ్లీ వెళ్లి పూర్తిచేశారు.

విదేశమే దారి అనుకోనక్కరలేదు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ సాధిస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. అప్పు లేకుండా చదువుకునే ఈ అవకాశాల పేర్లు మన యువజన కూటాల్లో ఎంతమందికి తెలుసు?

మన సమాజానికి ఇది మరింత ముఖ్యం. మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, విదేశీ విద్యారుణాలపై వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవ విద్యార్థికి జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో ఎస్సీ సీటుకు అర్హత లేదు. మన రాష్ట్రాల్లో అతడు బీసీ-సీ. ఈ అన్యాయంపై పోరాటం సాగాల్సిందే. తెలంగాణలో మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇచ్చే విదేశీ విద్యా పథకం ఉంది, దాన్ని వాడుకోవాలి. కానీ అసిస్టెంట్‌షిప్‌కు కుల ధ్రువపత్రంతో పని లేదు. మార్కులు, పరిశోధన అనుభవం, అధ్యాపకుల సిఫారసు లేఖలు చూస్తుంది. చిన్న ఊరి కాలేజీలో చదివే మన పిల్లలకు కొరవడేది తెలివి కాదు, ఇవి ముందునుంచే సమకూర్చుకోవాలని చెప్పే పెద్దదిక్కు.

ఆ దిక్కు సంఘం కావచ్చు. వీసా వచ్చాక కృతజ్ఞతా కూడిక పెడుతున్నాం, మంచిదే. బీటెక్ మూడో ఏటనే పిల్లల్ని ఒక శనివారం కూర్చోబెడదాం. మన సంఘాల నుండి వెళ్లి అసిస్టెంట్‌షిప్‌తో చదువుతున్న పిల్లల్ని ఫోనులోనైనా వారితో మాట్లాడిద్దాం. ప్రొఫెసర్‌కు ఉత్తరం ఎలా రాయాలో, దరఖాస్తు గడువులు ఎప్పుడో వారే చెబుతారు. తల్లిదండ్రులకు మూడు ప్రశ్నలు నేర్పుదాం: ఫీజు ఎవరు కడతారు? ఎన్నేళ్లు? అనుకున్న ఉద్యోగం రాకపోతే ఈ అప్పు తీరేదెలా?

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు కొత్త కాదు. దాన్ని శిష్యత్వం గురించి ఎన్నోసార్లు బోధించాను. ఇల్లు తాకట్టు పెట్టబోయే తండ్రితో కూర్చుని, కాగితం మీద ఆ లెక్క వేయించడం కూడా కాపరి పనేనని ఆ ఆదివారం నాకు అర్థమైంది. వచ్చే వారం ఆయన ఇంటికి వెళ్తున్నాను. తాకట్టు కాగితాల మీద ఇంకా సంతకాలు కాలేదట.