ఎర్రగా వస్తుందని ముందే చెప్పుంటే



టీబీ మాత్రలు మొదలుపెట్టిన మర్నాడు పొద్దున ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది. డిగ్రీ చదివినోణ్ణి, కాలనీలో నలుగురికీ అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. అయినా కాళ్ళు వణికినాయి. నెత్తురే అనుకున్నా. మా అవ్వకు చెబితే, "ఆ మాత్రలు కడుపులో కోసేస్తాండాయి రా, పారెయ్ వాటిని" అనింది. ఆ రోజు వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు.

మూడో రోజు ఫోన్లో వెతికితే తెలిసింది. అది నెత్తురు కాదు, మందు రంగు. రిఫాంపిసిన్ అనే మందు వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్ళు కూడా ఎర్రగానో నారింజ రంగులోనో వస్తాయి. దానివల్ల ఏ హానీ లేదు. వెంటనే ఆస్పత్రికి పోయి రెండు రోజులు మానేశానని ఉన్నదున్నట్టు చెప్పి, మళ్ళీ మొదలుపెట్టినా.

మాత్రల అట్ట చేతిలో పెట్టేటప్పుడు ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. నాకు ఎవరూ చెప్పలేదు. ఫోను లేనోళ్ళ సంగతేంది, చదువు రానోళ్ళ సంగతేంది అని ఆ రోజే ఆలోచన మొదలైంది.

మాది బద్వేలు పక్కన యానాదుల కాలనీ. నాకంటే ముందు మా పెద్దమ్మకు ఇదే జబ్బు వచ్చింది. మాత్ర వేసుకుంటే వాంతులు, మోకాళ్ళ నొప్పులు. కూలికి పోలేకపోయింది. రెండు నెలలు నెట్టుకొచ్చి, దగ్గు తగ్గింది కదా అని మానేసింది. కొన్నాళ్ళకు తిరగబెట్టింది. మళ్ళీ ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడోళ్ళు అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "మీవోళ్ళు ఇంతే, మందులిచ్చినా మింగరు." పెద్దమ్మ తల వంచుకుని నిలబడింది. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు పెద్దమ్మ లేదు.

టీబీ రికార్డుల్లో మందు మధ్యలో ఆపినోళ్ళను ఏళ్ళ తరబడి 'డిఫాల్టర్' అని రాసినారు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినోడికి వాడే మాట అది. ఆ మాట తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దాన్ని మార్చింది. కాగితం మీద మారింది గానీ, మనోళ్ళతో మాట్లాడే నోళ్ళలో ఇంకా మారలేదు.

మనోళ్ళది మొండితనం అంటారు. నేను ఒప్పుకోను. మానేసే మనిషికి ఒక లెక్క ఉంటుంది. మాత్ర వేసుకున్న రోజు వాంతులు, ఆ రోజు కూలి పాయ. వేసుకోని రోజు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మందు చేసే మేలు ఊపిరితిత్తుల్లో ఎక్కడో జరుగుతుంది, కంటికి కనపడదు. దాని బాధ మాత్రం పొద్దున్నే కనపడుతుంది. కనపడేదాన్ని చూసి మనిషి తీర్పు చెప్పుకుంటాడు. అది తెలివితక్కువతనం కాదు, సగమే తెలియడం. మిగతా సగం చెప్పాల్సింది మందు ఇచ్చినోళ్ళు.

మన పెద్దోళ్ళు ఆకు పసరు ఇచ్చేటప్పుడు ఎట్లిస్తారో గుర్తు చేసుకోండి. "ఇది తాగితే కడుపు రెండుమూడు సార్లు జారుతుంది, భయపడొద్దు, పెరుగన్నం తిను" అని ముందే చెప్పి ఇస్తారు. మనకు చేదు కొత్త కాదు. చెప్పకుండా చేతిలో పెట్టే మందే కొత్త.

ఇవన్నీ చెబితే జనం భయపడి అసలు మందే వేసుకోరు అని కొందరు నాతో వాదించినారు. నన్ను భయపెట్టింది ఎవరో చెప్పిన మాట కాదు, ఎవరూ చెప్పకుండా వచ్చిన ఎరుపు. వస్తుందని తెలిసిన కష్టాన్ని మనిషి ఓర్చుకుంటాడు. అందుకే నాకు తెలిసింది మీకు చెబుతా. మీ ఇళ్ళల్లో చెప్పండి.

మామూలు టీబీకి మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిపిన మాత్ర. రోజుకు ఎన్ని అనేది బరువును బట్టి: పెద్దోళ్ళలో 35 నుంచి 49 కిలోలుంటే మూడు, 50 నుంచి 64 ఉంటే నాలుగు. కాబట్టి బరువు తూయకుండా మాత్రలిస్తే "తూయండి" అని అడగండి. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. కానీ క్రిములు ఇంకా లోపల దాక్కునే ఉంటాయి. అప్పుడు ఆపితే మిగిలినవి ఆ మందుకు లొంగని క్రిములుగా మారొచ్చు. అప్పుడొచ్చేది మొండి టీబీ. మొండిది క్రిమి, మనిషి కాదు.

ఓర్చుకుని దాటగలిగే బాధలు కొన్ని ఉన్నాయి. మూత్రం ఎర్రబడటానికి ఏం చేయాల్సిన పనిలేదు. కడుపులో వికారం వస్తే మాత్ర ఏ పూట వేసుకోవాలి, కొంచెం ఏదైనా తిని వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి, దారి చెబుతారు. గ్యాస్ మందు సొంతంగా కొనుక్కుని దాంతోపాటు మింగొద్దు, కొన్ని రకాలు టీబీ మందును ఒంటికి పట్టనియ్యవు. కీళ్ళ నొప్పులకు మందు ఉంది. చేతులు, కాళ్ళు తిమ్మిర్లెక్కితే బీ6 విటమిన్ మాత్ర ఇస్తారు. ఇవన్నీ చెప్పుకుంటే తీరేవే. ఓర్చుకోవడమంటే చెప్పకుండా ఉండటం కాదు.

ఓర్చుకోకూడనివి వేరే ఉన్నాయి. కళ్ళు పచ్చబడటం, ఆగకుండా వాంతులు, అన్నం అసలు సహించకపోవడం, కుడి పక్క డొక్క కింద నొప్పి: ఇవి కాలేయం దెబ్బతింటోందనే గుర్తులు. చూపు మసకబారినా, ఎరుపు పచ్చ రంగులు తేడా తెలియకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అంతే. ఇట్లాంటప్పుడు తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. రేపు చూద్దామనొద్దు. మందు నడిచినన్నాళ్ళూ సారా, బ్రాందీ ముట్టొద్దు. కాలేయం ఆ రెండు బరువులూ మోయలేదు. ఇది మన మగోళ్ళకు గట్టిగా చెప్పాలి. అక్కచెల్లెళ్ళకు ఇంకో మాట: రిఫాంపిసిన్ వాడేటప్పుడు పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. వేరే పద్ధతి ఏమిటని ఏఎన్‌ఎంను అడగండి. సిగ్గుపడితే నష్టపోయేది మనమే.

ఇంత తెలుసుకోవడం రోగి ఒక్కడి పనేనా? కాదు. మన సీమలో 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. ఆ కాలంలో టీబీ వస్తే నెలల తరబడి అట్లాంటి చోట ఉండాల్సిందే. తర్వాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. పేదోళ్ళు తమ ఇళ్ళల్లోనే ఉండి మందు వాడినా శానిటోరియంలో ఉన్నోళ్ళలాగే కోలుకుంటారని 1959లో తేల్చింది. ఈరోజు మనం ఇంట్లో ఉండి మాత్రలు మింగుతున్నామంటే దానికి ఆ పరిశోధన ఒక పునాది. కానీ అప్పుడు ఆరోగ్య కార్యకర్తలు రోగుల ఇళ్ళకు పోయి చూసేవాళ్ళు. మందుతోపాటు మనిషి కూడా ఇంటికి వచ్చేది. మన కాలనీలకు మందు వచ్చింది, మనిషి రావడం లేదు.

ఇంకో ఇద్దరి సంగతి చెప్పాలి. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. ఇద్దరూ టీబీకి వాడిన సూదిమందు వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. సూది అవసరం లేని బెడాక్విలిన్ మాత్ర ఉంది, కానీ అప్పట్లో అది ఒక పెద్ద కంపెనీ పేటెంట్ చేతిలో ఉండేది. దాన్ని ఇంకొన్నేళ్ళు పొడిగించుకోవాలని కంపెనీ చూస్తే, 2019లో వీళ్ళిద్దరూ మన దేశ పేటెంట్ ఆఫీసులో అడ్డం తిరిగినారు. 2023 మార్చిలో కంపెనీ అర్జీని కొట్టేసినారు. మందు తమను దెబ్బ తీసినా వాళ్ళు మందునే వద్దనలేదు, మంచి మందు అందరికీ కావాలన్నారు. మన దారి కూడా అదే కావాలి.

మన అడుగుడు పెద్దదేం కాదు. మొదటి మాత్ర ఇచ్చేటప్పుడు ఏం వస్తుంది, ఏది ప్రమాదం అనేది మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మొదటి నెలలో వారానికొకసారైనా ఎవరో ఒకరు కాలనీకి వచ్చి చూడాలి. పోషణ కోసం ఇచ్చే డబ్బు 2018లో నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. అది ఖాతాలో పడుతుంది, ఖాతాకు ఆధార్ కావాలి, ఆధార్ లేనోళ్ళు మనలో ఇంకా ఉన్నారు. వాళ్ళకు ముందు ఆ కాగితం చేయించాలి. నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాల్లో రోగికి ఒకసారి 750 రూపాయలు అదనంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. మన కడప జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు. మనం గిరిజనులమే, మన నేల మాత్రం కాదట. ఈ లెక్కను ప్రశ్నించాలి.

టీబీ గురించి ఏ అనుమానమున్నా 1800-11-6666కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఏ మందు వల్లయినా బాధ వస్తే 1800-180-3024కు మనమే తెలపొచ్చు. డాక్టరే రాయాలని లేదు.

ఇక మన పని. మీ కాలనీలో ఎవరికైనా మాత్రలు మొదలైతే మొదటి పది రోజులు ఒకరు తోడుండండి. అంతకంటే పెద్ద సేవ నాకు తెలియదు.

నేను ఆరు నెలలూ పూర్తి చేసినా. గళ్ళ పరీక్షలో క్రిములు లేవన్నారు. మొన్న మా పక్క వీధి పిల్లోడికి మాత్రలిచ్చినారని తెలిసి ఆ సాయంత్రమే పోయినా. "రేపు ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, ఆపొద్దు" అని చెప్పినా. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసినాడు: "అన్నా, నువ్వు చెప్పినట్టే వచ్చింది. ఇప్పుడే మాత్ర వేసుకున్నా."

మా పెద్దమ్మకు కూడా ఎవరో ఒకరు ముందే చెప్పుంటే బాగుండు.

జోహార్.