ఆ జట్టును ఎవరైనా గెలిపించేవారా?

పీలే, జైర్జిన్యో, గెర్సన్, టోస్టావ్, రివెలినో ఉన్న జట్టుకు కోచ్ దేనికి? 1970 ప్రపంచకప్ మాటెత్తితే చాలు, అప్పటి బ్రెజిల్ కోచ్ మారియో జగాలోను ఇలాగే తీసిపారేస్తారు. వండింది అంతకుముందు కోచ్ జోవావ్ సల్దాన్యా అట, వడ్డించి పేరు కొట్టేసింది జగాలో అట.

సల్దాన్యాకు దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. 1969 క్వాలిఫయర్లలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచాడు. కానీ 1970 మార్చిలో ఆయన్ని తప్పించాక, 38 ఏళ్ల జగాలో అదే జట్టును మెక్సికోలో దించాడా? లేదు. ఎడమ వింగర్ ఎడూను పక్కనబెట్టి రివెలినోను తెచ్చాడు. మిడ్‌ఫీల్డర్ పియాజాను డిఫెన్స్‌లోకి జరిపి, ఆ చోటు ఇరవై ఏళ్ల క్లోడోఆల్డోకిచ్చాడు.

రివెలినోను ఎడమ వైపు ఆడించాలన్న ఆలోచన జగాలోకు నల్లబల్ల మీద పుట్టింది కాదు. 1958లో స్వీడన్‌లో బ్రెజిల్ ఎడమ వింగర్ ఆయనే. బంతి చేజారగానే వెనక్కి పరుగెత్తి మిడ్‌ఫీల్డ్‌లో కలిసేవాడు. కాగితం మీది 4-2-4 మైదానంలో 4-3-3 అయ్యేది. ‘చిన్ని చీమ’ అని ముద్దుపేరు. 1962లోనూ అదే చాకిరీ, మళ్లీ కప్పు. గారడీని ఆరాధించే అభిమానులు చాకిరీని లెక్కలోకి తీసుకోరు. 1970లో రివెలినోకు అప్పగించింది తను ఆడిన చోటే.

ఫైనల్లో ఇటలీ మీద 86వ నిమిషం గోల్ అందరికీ కంఠతా వచ్చు. పీలే బంతిని అలా పక్కకు తోయడం, కార్లోస్ ఆల్బర్టో పరుగున వచ్చి కొట్టడం. దయచేసి ఆ ఫిల్మును కాస్త ముందు నుంచి చూడండి. సొంత సగంలోకి దిగొచ్చి బంతిని లాక్కున్నది సెంటర్ ఫార్వర్డ్ టోస్టావ్! కుడి వింగర్ జైర్జిన్యో ఎడమ వైపు తేలాడు. మనిషికి మనిషి కాపలా కాసే ఇటలీ పద్ధతిలో డిఫెండర్ ఫకెట్టి అతని వెంటే వెళ్లాడు. కుడి వైపంతా ఖాళీ. ఇదంతా కాకతాళీయమంటే నేను నమ్మను.

ఇంకో లెక్క. ఆ టోర్నీలో బ్రెజిల్ కొట్టిన 19 గోల్స్‌లో 12 రెండో సగంలో పడ్డవే. మెక్సికో ఎండకూ ఎత్తుకూ అవతలివాళ్లు రొప్పుతుంటే వీళ్లు పరుగెత్తారు. ఆ దమ్ము పీలే ప్రతిభ వల్ల వచ్చింది కాదు. కుటీన్యో, పరేరా లాంటి ఫిట్‌నెస్ శిక్షకులతో చేయించిన కసరత్తు వల్ల వచ్చింది.

బ్రెజిల్ నియంత మెడిసికి నచ్చిన ఆటగాడు దారియోను జట్టులోకి తీసుకున్నాడన్న నింద ఒకటుంది. నిజమే, తీసుకున్నాడు. ఒక్క నిమిషం కూడా ఆడించలేదు. దాన్ని ధైర్యమని నేననను, లౌక్యమంటాను.

1974లో పీలే లేని బ్రెజిల్ నెదర్లాండ్స్ చేతిలో 0-2తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకోగానే ‘చూశారా!’ అన్నారు. క్రైఫ్ జట్టును జగాలో తక్కువ అంచనా వేశాడు, తప్పు ఆయనదే. మరి ఓటమిని కోచ్ ఖాతాలో రాసే చెయ్యి గెలుపు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది?

పీలే లేని జట్టే కావాలంటే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను చూడండి. ఆ దేశం మొట్టమొదటిసారి ప్రపంచకప్‌కు, 1990 టోర్నీకి, అర్హత సాధించింది జగాలో శిక్షణలోనే. టోర్నీకి ముందే ఆయన్ని తీసేసి పరేరాకు పగ్గాలిచ్చారు. ఇటలీ వెళ్లిన ఆ జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది.