నాలుగేళ్ల చదువులో అమ్మకు చోటెక్కడ?

ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్ల గురించి ఈ మధ్య పేపర్లలో బాగానే రాస్తున్నారు. ప్రైమరీలో పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించండని 2025 మార్చిలో రాష్ట్రాలను గట్టిగా ఆదేశించింది. ఆ తర్వాత మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. సంతోషమే. కానీ ఆ పోస్టుల్లోకి వచ్చే టీచర్లను యూనివర్సిటీలు ఎలా తయారుచేస్తున్నాయన్నది మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు.

మా నూజివీడు వైపు సంగతే చూడండి. పూత నిలిచిన దగ్గర్నుంచి చివరి కోత దాకా కాపలా కుటుంబాలు మామిడి తోటల్లోనే పాక వేసుకుని ఉంటాయి. మాటలు రాని పిల్ల ఉన్నా, నడవలేని పిల్లాడు ఉన్నా వాళ్లూ అక్కడే. తల్లి గంపల్లో గడ్డి పరుస్తూ ఓ కన్ను పాక మీదే వేసి ఉంచుతుంది. మండలానికో భవిత కేంద్రం అన్నారు, బాగుంది. ఆ పిల్లను అక్కడిదాకా తీసుకెళ్లాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, పైగా ఆటో ఖర్చు.

పోనీ, టీచరమ్మే తోటకు వచ్చిందనుకుందాం. ఆమె చదివింది వినికిడి లోపానికి సంబంధించిన బి.ఇడి. ఎదురుగా ఉన్నది సెరిబ్రల్ పాల్సీ పిల్లాడు. మన దగ్గర ఈ చదువును ఒక్కో వైకల్యానికి ఒక్కో కోర్సుగా విడగొట్టారు. పట్నంలో ప్రత్యేక పాఠశాలకైతే అది సరిపోతుంది. మండలానికి ఒకరిద్దరే ఉన్నచోట అన్నిరకాల పిల్లలూ ఆ ఒకరిద్దరి దగ్గరికే రావాలి కదా! 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, 2016 చట్టం ఇరవై ఒకటి గుర్తించింది. మిగతా వైకల్యాల మీద పరిచయ పాఠాలున్నాయి, కాదనను. పరీక్షలో రాయడానికి పరిచయం చాలు. పిల్లాణ్ని పడిపోకుండా కూర్చోబెట్టి, చేతికి చెంచా పట్టించడానికి చాలదు.

అందుకే శిక్షణలో కొన్ని నెలలైనా ఇలాంటి మండలాల్లో ఉండి నేర్చుకోవాలంటాను. అన్నిరకాల పిల్లలతోనూ పనిచేశాకే ఏదో ఒకదాంట్లో ప్రత్యేక చదువు. ఆ నెలల్లో మొదటి గురువు తల్లే కావాలి. పిల్ల దాహం ఎలా చెబుతుందో, ఎప్పుడు జడుసుకుంటుందో ఆమెకు తెలిసినంత ఏ ప్రొఫెసరుకు తెలుస్తుంది?

ఇక కోర్సు మార్పు. రెండేళ్ల ప్రత్యేక బి.ఇడి.ని ఆపి, నాలుగేళ్ల సమీకృత కోర్సుకు మళ్లాలని పునరావాస మండలి 2024 జనవరిలో నిర్ణయం ప్రకటించింది. ఇంటరు పాసైన అమ్మాయికి ఇది మేలే. చిన్నప్పటి నుంచే ఈ పనిలో పండుతుంది. మరి డిగ్రీ చదివి, పెళ్లై, ఇలాంటి బిడ్డ పుట్టాక ఈ చదువు వైపు చూసే ఆడవాళ్ల మాటేమిటి? నాకు తెలిసినంతలో మంచి ప్రత్యేక టీచర్లలో ఇలాంటి తల్లులు తక్కువేం కాదు. వాళ్లకు రెండేళ్ల కోర్సో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలాంటి చోట దూరవిద్యో దారి చూపింది. ముప్ఫై అయిదేళ్లావిడను పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన నాలుగేళ్లు కూర్చోమంటే కుదిరే పనేనా? డిప్లొమాలు ఉన్నాయిగా అంటారు. అవి చిన్న తరగతుల వరకే. హైస్కూల్లో పోస్టుకు బి.ఇడి. కావాల్సిందే.

నాలుగేళ్ల కోర్సు పెట్టండి, దాని పక్కనే డిగ్రీ ఉన్న తల్లులకూ, ఇప్పటికే భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లకూ ఓ దగ్గరి దారి ఉంచండి. పల్లెల్లో బాగా చదివే పిల్లల కోసం 2008లో నూజివీడుకు ట్రిపుల్ ఐటీనే తెచ్చుకున్నాం. టీచర్ల శిక్షణకు ఓ కేంద్రం తెచ్చుకోవడం అంతకంటే కష్టమా? క్లాసులు మాత్రం కోతల్లో పెట్టకండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా వైపు ఆడవాళ్లకు తీరికుండదు.