ఆటల పీరియడ్‌ను అలాగే ఉండనివ్వండి



పేరెంట్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "తొమ్మిదో తరగతికి వచ్చేశాడు సార్, ఇంకా ఆటలెందుకు? ఆ పీరియడ్‌లో కూడా లెక్కలే చేయించండి." ఈ మాట వెనకున్న ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. పామాయిల్ గెలల డబ్బు చేతికొచ్చాక ఫీజు కట్టే ఇళ్లు మన అశ్వారావుపేట చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. కట్టిన ప్రతి రూపాయికీ చదువు రావాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆటల పీరియడ్ కూడా ఆ చదువులో భాగమే. దాన్ని వదులుకుంటే నష్టపోయేది మీ పిల్లలే.

మీ బాబు లేదా పాప రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. దమ్మపేట వైపు నుంచో, జీలుగుమిల్లి వైపు నుంచో బస్సులో కూర్చుని వస్తారు. సాయంత్రం దాకా క్లాసులో కూర్చుంటారు. మళ్లీ బస్సు, ఆపైన ట్యూషన్, హోంవర్క్, కాసేపు ఫోన్. అన్నీ కూర్చుని చేసేవే. మన తరం బడికి నడిచి వెళ్లింది, సైకిల్ తొక్కింది, సెలవు రోజున పొలానికి పోయింది. ఒంటికి కావలసిన శ్రమ అడగకుండానే దొరికింది. ఇప్పుడు చాలామంది పిల్లలకు అది దొరికే చోటు బడి మైదానం ఒక్కటే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, గుండె వేగం పెరిగేంత శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే ఆటలు వారానికి కనీసం 3 రోజులు ఉండాలంటోంది. అదే సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఆ మాత్రం శ్రమ లేదు. ఆడపిల్లల్లో అయితే అది 85 శాతం.

దీనివల్ల నష్టం ఒక్క బరువుతోనే ఆగదు. ఎముకల బలం చాలావరకు యుక్తవయసు ముగిసేలోపే సమకూరుతుంది. గెంతడం, పరుగెత్తడం వంటి ఆటలే దాన్ని పెంచుతాయి. కళ్ల సంగతీ ఉంది. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే వీలు కల్పించి మూడేళ్లు గమనించారు. ఆ బళ్లలో సుమారు 30 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, మామూలుగా నడిచిన బళ్లలో సుమారు 40 శాతం మందికి వచ్చింది. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. కళ్లద్దాలు ఆలస్యంగా రావాలన్నా పిల్లలు బయటికి వెళ్లాల్సిందే.

చదువుకూ ఇది అడ్డు కాదు. ఒళ్లు అలిసిన పిల్లలకు రాత్రి నిద్ర బాగా పడుతుంది. చదివింది గుర్తుండటానికి ఆ నిద్ర కావాలి. కాసేపు ఆడి వచ్చాక పాఠం మీద ధ్యాస కూడా బాగా నిలుస్తుంది.

ఇంకొకటి, పుస్తకంలో నేర్పలేనిది. కబడ్డీలో అవుటైన పిల్లవాడు బయట కూర్చుంటాడు. తోటివాడు పాయింటు తెస్తే మళ్లీ లోపలికి వస్తాడు. ఓటమి ఆఖరు కాదని, తనను నిలబెట్టేవాళ్లు పక్కనే ఉంటారని ఆ పిల్లవాడికి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. రేపు ఇంటర్‌లో, ఎంట్రెన్స్ పరీక్షల్లో ఒక ర్యాంకు తగ్గినప్పుడు ఈ అలవాటే పనికొస్తుంది. గెలుపు తప్ప ఏదీ చూడని పిల్లలే మొదటి దెబ్బకు ఎక్కువగా కుంగిపోతారు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఏడో తరగతి దాకా పరుగెత్తిన పాప ఎనిమిదికి వచ్చేసరికి మైదానం అంచున నిలబడిపోతుంది. "ఎండకు నల్లబడుతుంది", "పెద్దదయ్యింది" అంటాం. మన పక్క భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషను చూడండి. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో జరిగిన అండర్ 19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో 3 వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. ఆ టోర్నీలో మొత్తం 309 పరుగులు చేసి ఉత్తమ క్రీడాకారిణి అయింది. అంతకుముందు 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన ఇద్దరు తొమ్మిదో తరగతి గురుకుల విద్యార్థుల్లో పూర్ణ నిజామాబాద్ జిల్లా అమ్మాయి. రెండోవాడు ఆనంద్ మన ఉమ్మడి ఖమ్మం జిల్లా అబ్బాయే.

మీ పిల్లలు త్రిషలు, ఆనంద్‌లు కావాలని ఈ మాట చెప్పడం లేదు. వేలమందిలో ఏ ఒక్కరో అక్కడికి చేరతారు. పతకం రాకపోయినా గట్టి ఎముకలు, మంచి నిద్ర, ఓర్పు మాత్రం ఆడిన ప్రతి ఒక్కరికీ వస్తాయి.

మీ భయాలు కొన్ని నిజమైనవే. మన ఎండలు తెలిసినవే కాబట్టి వేసవిలో ఆట పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఉండాలి. నీళ్ల సీసా తప్పనిసరి. ఆయాసం, గుండె సమస్య ఉంటే ముందే డైరీలో రాసి పంపండి. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటే పాప విశ్రాంతి తీసుకోవచ్చు. ఆ కారణంతో ఆటే మానిపించనక్కర్లేదు.

చివరగా మిమ్మల్ని కోరేది మూడే. మార్కులు తగ్గాయని ఆటను శిక్షగా ఆపకండి. ఆదివారం ఒక గంట మీరూ పిల్లలతో కలిసి నడవండి, షటిల్ ఆడండి. సిలబస్ మిగిలిందని ఆటల పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు ఇచ్చే అలవాటు బళ్లకూ ఉంది. అలా జరిగితే వచ్చి అడగండి. లెక్కల క్లాసు జరగకపోతే ఎలా అడుగుతారో అలాగే అడగండి.