వరద తీసినంక అలంపురం ఎవరు పోతారు?

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెదలమందు ఎక్కించిన ఫొటోలు దేశమంతా చూసింది. మంచిపనే. మరి కొమ్మ విరిగి పడేదాకా ఆ చెద ఎవరి కంటా ఎందుకు పడలేదు?

చెట్టయినా గుడయినా కాపాడే పనితనం మనకు లేదని అనకండి, ఒప్పుకోను. శ్రీశైలం డ్యాం నీళ్లొస్తున్నాయంటే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. అంతకుముందు నాగార్జునసాగర్ కోసం 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవి కొండెక్కించారు. డ్యాం గడువు పెడితే నిపుణులు దొరుకుతారు. వాన గడువు పెట్టదు, అందుకే దొరకరు!

2009 అక్టోబరులో అలంపురాన్ని తుంగభద్ర ముంచెత్తింది. చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలున్న ఊరది. టీవీ కెమెరాలు వరద తీయగానే పోతాయి, రాయికి అసలు కష్టం అప్పుడే మొదలు. తాగిన నీళ్లు ఆరుతుంటే లోపలి ఉప్పు పైకొస్తుంది. పైపొర కింద గడ్డకట్టి శిల్పం ముక్కూమొహం పొడిపొడిగా రాలుస్తుంది. ఎంత మెల్లగా ఆరనియ్యాలె, బురద ఎట్లా తియ్యాలె, ఏ బ్రష్షు ముట్టియ్యొద్దు, ఇవన్నీ నేర్చుకుంటేనే వచ్చే విద్యలు. నేర్చినోళ్లు లేని చోట సిమెంటు బస్తాతో కాంట్రాక్టరు దిగుతాడు. సందులన్నీ కుక్కి తేమను లోపలే బంధిస్తాడు, పైన ఆయిల్ పెయింటు కొడతాడు. గోపురం మీద మొలిచిన రావి మొక్కను పైపైన నరికిపోతాడు. వేరు లోపల రాళ్లను విడదీస్తూనే ఉంటుంది. దీనికి జీర్ణోద్ధరణ అని పేరు, శిలాఫలకం కూడానూ!

ఇటలీలో 1966 నవంబరు వరద ఫ్లోరెన్సును ముంచినప్పుడు విద్యార్థులు బురదలోకి దిగి పుస్తకాలు మోశారు. ఆ దెబ్బతోనే అక్కడ సంరక్షణ విద్య ఊపందుకుంది. మనకు వచ్చిన వరద చిన్నదా?

పాలమూరులో యూనివర్సిటీ ఉంది, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. రాతి రసాయనం, వరద లెక్క, తేమ కొలత నేర్పే కోర్సు పెట్టండి. క్లాసులు గుడి ప్రాకారంలోనే, వానాకాలంలోనే జరపండి. రాయి ఏ పొర మీద పగులుతుందో చేత్తో చెప్పగల వడ్డెరల బిడ్డలకు మొదటి సీట్లియ్యండి, పరీక్షలో ఇంగ్లీషు అడ్డం పెట్టకండి. ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయని పొంగిపోయాం కదా, ఆ రాళ్లకు కాపలాతోపాటు చదువుకున్న కన్నూ కావాలె.

కోర్సు పెట్టి కొలువు ఇయ్యకపోతే అదో మోసం. నియామక పత్రంలో పని స్థలం హైదరాబాదని రాయకండి. అలంపురం, పానగల్లు, ఫణిగిరి, ముడుమాల అని ఆ రాళ్లున్న ఊళ్ల పేర్లే రాయండి.