శశిరేఖ ఒంట్లో ఘటోత్కచుడు

‘ఆ పాత్రలో జీవించింది’ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం గానీ, ఆ నటి అసలు ఏం చేసిందో చెప్పం. 1957 నాటి ‘మాయాబజార్’లో సావిత్రిని చూడండి. పైకి కనిపించేది శశిరేఖ, లోపలున్నది ఘటోత్కచుడు. ఎస్వీ రంగారావు వేసిన ఆ రాక్షసుడు ఆడపిల్లలా నటించబోతే ఎలా ఉంటుందో, అది సావిత్రి నటించి చూపాలి. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు నడుస్తున్నంతసేపూ ఆమె సిగ్గుల పెళ్లికూతురే. మధ్యలో ఘంటసాల గొంతు దూరగానే ఒళ్లు విరుచుకుంటుంది, చూపులో మగటిమి వచ్చేస్తుంది. అంతలోనే గుట్టు బయటపడుతుందేమోనన్నట్టు సర్దుకుని మళ్లీ ఒయ్యారం. నా మటుకు నాకు ప్రతిభంతా ఆ సర్దుకోవడంలోనే కనిపిస్తుంది. తిరిగొచ్చిన ఆ సిగ్గులో రవ్వంత అతి ఉంటుంది. ఆడతనం అరువు తెచ్చుకున్నవాడికి అంతకన్నా చేతకాదు మరి! రంగస్థలం మీద సత్యభామగా స్థానం నరసింహారావు సాధించింది ఇంకో తీరు: తాను మగవాణ్నన్న సంగతి ప్రేక్షకుడికి గుర్తు రానివ్వలేదాయన. సావిత్రి మాత్రం లోపలివాణ్ని మాటిమాటికీ గుర్తు చేయాలి, శశిరేఖనూ పోగొట్టుకోకూడదు. ఇదే ఎక్కువ కష్టమని నేనంటాను. సావిత్రి అనగానే కన్నీటి పాత్రలనే తలుచుకునేవాళ్లు ఒక్కసారి ధ్వని తీసేసి ఆ పాట చూడాలి. గొంతు ఎక్కడ మారిందో ఆమె ఒళ్లే చెప్పేస్తుంది.