మన ఊరి పేరున్న స్తంభం ఎక్కడ?

అమెరికాలోని మెంఫిస్ నగరంలో లొరైన్ మోటెల్ అనే రెండంతస్తుల భవనం ఉంది. వేర్పాటు చట్టాలు రాజ్యమేలిన కాలంలో నల్లజాతి ప్రయాణికులకు గది ఇచ్చిన కొద్దిపాటి బసల్లో అదొకటి. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం, 306వ నంబరు గది ముందున్న బాల్కనీలో నిలబడి ఉండగా మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది అక్కడే. 1991లో ఆ భవనాన్ని జాతీయ పౌరహక్కుల మ్యూజియంగా తెరిచారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే సందర్శకుల్లో మన తెలుగువాళ్లూ ఉంటారు. వాళ్లు లోపల ఏం చూశారో చెప్పే యాత్రాకథనాలకు కొదవ లేదు. చూసి బయటకు వచ్చాక తమ గురించి తాము ఏం తెలుసుకున్నారన్నది మాత్రం ఎవరూ అడగరు. కులం గురించి మాట్లాడుకునే మనం అడగవలసిన ప్రశ్న అదే.

ఆ మ్యూజియం నిర్మాణం చాలా ఆలోచించి చేసినది. బానిసల ఓడ అడుగుభాగాన్ని పోలిన ఇరుకు చోటులో సందర్శకుడు ముడుచుకుని కూర్చోవచ్చు. మరికొంత దూరంలో మాంట్గామరీ నగరంలో నడిచినటువంటి పాత బస్సు ఉంటుంది. ఎక్కి కూర్చుంటే, వెనక్కి వెళ్లమని గద్దించే డ్రైవరు గొంతు వినిపిస్తుంది. ఆ తరువాత చెత్త లారీ, దాని పక్కన తామూ మనుషులమేనని రాసిన అట్టలు పట్టుకున్న పారిశుధ్య కార్మికుల బొమ్మలు. చివరికి అద్దం వెనుక 306వ నంబరు గది. సర్దని పక్క, తాగి వదిలిన కాఫీ కప్పులు. అక్కడికి వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. చాలామంది కళ్లు తుడుచుకుంటారు.

ఒక సదస్సు కోసం వెళ్లినప్పుడు నేను అక్కడ ఒక పూటంతా గడిపాను. వస్తువులకంటే మనుషులనే ఎక్కువ గమనించాను. నల్లజాతి వృద్ధురాలు ఒకామె బస్సు ఎక్కలేదు. బయటే నిలబడి మనవడికి ఏదో చెబుతోంది. ఆమె వయసు చూస్తే, అలాంటి బస్సులను ఆమె ఎరిగే ఉంటుంది; మళ్లీ ఎక్కి అనుభవించవలసిన అవసరం ఆమెకు లేదు. కాసేపటికి తెలుగులో మాట్లాడుకుంటూ ఒక బృందం వచ్చింది. బస్సులో కూర్చుని ఫొటోలు దిగారు. రంగు చూసి మనిషిని లేపేయడం ఎంత ఘోరమని వారిలో ఒకాయన నిజంగానే బాధపడ్డారు. మాట కలిపి, మీ ఊళ్లో టీ హోటలు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేదా అని అడిగాను. ‘అవన్నీ పాతకాలం సంగతులండీ, మా ఊళ్లో అందరం కలిసిమెలిసే ఉంటాం’ అన్నారు. ఆయన బాధలో కపటం లేదు, జవాబులోనూ లేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఒకదానికొకటి అడ్డురాకుండా ఇమిడిపోవడమే మనం ఆలోచించవలసిన విషయం.

దీనికి కారణం కొంతవరకు ఆ బస్సులోనే ఉంది. ఎక్కిన ప్రతి సందర్శకుడూ రోజా పార్క్స్ పక్షాన కూర్చుంటాడు. డ్రైవరు సీటులో తనను తాను ఊహించుకునేవారు ఉండరు. 1955 డిసెంబరు 1 సాయంత్రం ఆ బస్సులో మరెందరో ఉన్నారు. డ్రైవరు ఆజ్ఞ విని పార్క్స్ వరుసలోని మిగతా ముగ్గురు నల్లజాతివారు లేచి వెళ్లారు. శ్వేతజాతి ప్రయాణికులు చూస్తూ ఉండిపోయారు. మనలో అత్యధికులం చరిత్రలో ఉండేది ఆ చూస్తూ ఉండిపోయినవారి సీట్లలోనే. అయినా బాధితుడి సీటులో కొన్ని నిమిషాలు కూర్చుని లేచేసరికి, జీవితమంతా అక్కడే కూర్చున్నామన్న భ్రమ కలుగుతుంది. పరాయి దేశపు బాధితుడి కోసం కార్చే కన్నీరు సొంత ఊరి బాధితుడిని చూడకుండా తెర కడుతుంది.

అమెరికాలోని మనవాళ్ల ప్రజాజీవితంలోనూ ఈ తెరను చూడవచ్చు. కింగ్ జయంతిని గౌరవంగా జరుపుకునే ప్రవాస భారతీయుల్లోనే ఒక పెద్ద వర్గం, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించినప్పుడు దాన్ని వ్యతిరేకించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన కులవివక్ష వ్యతిరేక బిల్లును ఆపాలని గవర్నరుపై ఒత్తిడి తెచ్చింది. అక్టోబరులో గవర్నరు ఆ బిల్లును తిరస్కరించారు. నల్లజాతి పోరాటాలు జాతి వివక్షను చట్టపరంగా బద్దలుకొట్టకపోతే 1965 వలస చట్టం వచ్చేది కాదు, మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ దేశంలో అడుగుపెట్టగలిగేవారూ కాదు. ఆ పోరాట ఫలాన్ని అందుకున్నవారే, ఆ పోరాట సూత్రం కులానికి వర్తించదని వాదించారు.

సందర్శకుడు ఎలా ఉండాలో మనకు చెప్పినవాడు కింగే. 1959లో ఆయన దాదాపు నెల రోజులు మన దేశంలో పర్యటించారు. కేరళలో దళిత విద్యార్థులు చదివే ఒక పాఠశాలకు వెళ్లినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశారు. ఆ మాట తనకు మొదట కటువుగా తోచిందని, తరువాత తన దేశంలోని కోట్లాది నల్లజాతివారి స్థితి కళ్లముందు మెదిలి, అవును నేనూ అంటరానివాడినే అనుకున్నానని, 1965 జూలై 4న అట్లాంటాలో తన చర్చిలో చేసిన ప్రసంగంలో ఆయన చెప్పుకున్నారు. పరాయి దేశాన్ని చూడటానికి వచ్చి తన దేశాన్ని చూసుకున్నారు. ఆ పిల్లల మీద జాలిపడి ఊరుకోలేదు.

పీడిత జాతివాడికి అలా గుర్తుపట్టడం గాయాన్ని తాకుతుంది కానీ గర్వాన్ని తాకదు. పీడించిన సమూహంలో పుట్టినవాడికి అదంత సులువు కాదు. అందుకు మ్యూజియం కూడా సాయపడాలి. మాంట్గామరీలో 2018లో తెరిచిన స్మారకం ఆ పని చేసింది. న్యాయవాది బ్రయాన్ స్టీవెన్సన్ స్థాపించిన సంస్థ దానిని నిర్మించింది. 1877 నుంచి 1950 వరకు మూకలు చంపిన నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా నల్లజాతివారి స్మృతిలో అక్కడ ఎనిమిది వందలకు పైగా ఉక్కు స్తంభాలు ఉన్నాయి. ఒక్కో స్తంభం ఒక్కో కౌంటీది. దాని మీద ఆ కౌంటీ పేరు, అక్కడ హతులైనవారి పేర్లు, తేదీలు చెక్కారు. నడిచేకొద్దీ నేల కిందికి దిగుతుంది, స్తంభాలు తలమీద వేలాడతాయి. బయట ఆవరణలో అవే స్తంభాల ప్రతిరూపాలు వరుసగా పడుకోబెట్టి ఉంటాయి. ఏ కౌంటీ వాళ్లు ఆ కౌంటీ స్తంభాన్ని తీసుకెళ్లి, తమ గడ్డ మీద నిలబెట్టుకోవాలన్నది నిర్మాతల ఉద్దేశం. తీసుకెళ్లని కౌంటీ ఏదో వచ్చినవారందరికీ తెలిసిపోతుంది.

అక్కడికి వచ్చిన అమెరికన్ సందర్శకుడు మొదట వెతికేది తన కౌంటీ పేరును. అది దొరికాక అతడి ప్రశ్నలు మారిపోతాయి. ఆ రోజు మా తాత ఎక్కడున్నాడు, ఆ గుంపులో ఉన్నాడా, తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాడా అని అడుగుకోక తప్పదు. బస్సులో కూర్చుని బాధితుడినని ఊహించుకున్నంత తేలికగా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేడు.

ఇప్పుడు మన స్తంభాల సంగతి చూద్దాం. 1985 జూలై 17న కారంచేడులో అగ్రకుల మూక దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. తాము తాగే చెరువు నీటిని పాడుచేయడాన్ని ప్రశ్నించి, కొట్టబోతే బిందె ఎత్తిన మున్నంగి సువార్త తెగువ ఆ దాడికి నెపమైంది. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగిలిందన్న గొడవ చుండూరులో సాంఘిక బహిష్కరణకు దారితీసింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. మెంఫిస్ మ్యూజియం సందర్శకులకు తలుపులు తెరిచింది అదే ఏడాది సెప్టెంబరులో. బస్సు సీటు కోసం జరిగిన పోరాటాన్ని వాళ్లు ప్రదర్శనకు పెడుతున్న నెలల్లోనే, ఇక్కడ సినిమా హాలు సీటు దగ్గర మొదలైన గొడవ ఎనిమిది ప్రాణాలు తీసింది.

మాంట్గామరీ బస్సు నమూనా మ్యూజియంలో ఉంది. కారంచేడు బిందె మన ఏ మ్యూజియంలో ఉంది? చుండూరు మృతులను ఊరి నడుమ ఖననం చేసి దళితులు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. చీరాలకు తరలివెళ్లిన కారంచేడు బాధితులు అక్కడ తమ స్మృతిచిహ్నాన్ని నిలుపుకున్నారు. ఏటా వాటి దగ్గరకు వెళ్లి పూలుంచేది ప్రధానంగా దళితులే. గాయపడినవారే గాయాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా మోస్తున్నారు. గాయపరిచిన సమాజానికి అది పొరుగువారి వర్ధంతి మాత్రమే.

రెండు తెలుగు ప్రభుత్వాలూ అంబేడ్కర్‌ను మరిచిపోలేదు. 2023లో హైదరాబాద్‌లోనూ, 2024లో విజయవాడలోనూ 125 అడుగుల విగ్రహాలు లేచాయి. వాటిని చూసి ఛాతీ ఉప్పొంగే పేద దళిత బాలుడి ఆత్మగౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ విగ్రహం ముందు నిలబడినవాడు తల పైకెత్తి చూస్తాడు, నమస్కరిస్తాడు, వెళ్లిపోతాడు. తన ఊరి గురించి జవాబు చెప్పుకోవలసిన అవసరం అతడికి రాదు. అంబేడ్కర్‌ను ఎంత ఎత్తున నిలిపినా, ఆయన ఎవరితో పోరాడారో చెప్పకపోతే ఆ ఎత్తు అందరికీ సౌకర్యంగానే ఉంటుంది.

సజీవమైన సమస్యను అద్దాల పెట్టెలో పెడితే అది ముగిసిపోయినట్టు కనిపిస్తుందని కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. అది కొట్టిపారేయదగినది కాదు. లొరైన్ మోటెల్‌లో చివరిదాకా నివసించి 1988లో బలవంతంగా ఖాళీ చేయించబడిన ఒక మహిళ, మ్యూజియం ఎదుటి రోడ్డు మీదే కూర్చుని దశాబ్దాలపాటు నిరసన తెలిపింది. ఆ డబ్బుతో పేదలకు ఇళ్లు కట్టి ఉంటే కింగ్‌కు అసలైన స్మారకం అయ్యేదన్నది ఆమె వాదన. కింగ్ ఆ ఊరు వచ్చింది కూడా పారిశుధ్య కార్మికుల సమ్మె కోసమే. 1968 ఫిబ్రవరి 1న చెత్త లారీ యంత్రంలో నలిగి ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు చనిపోగా ఆ సమ్మె పుట్టింది. చేతులతో మలమూత్రాలు ఎత్తించే పనిని నిషేధించే చట్టం 2013లో వచ్చినా, మన నగరాల మ్యాన్‌హోళ్లలో మనుషులు ఇంకా చనిపోతూనే ఉన్నారు. ఆ లారీని చూసి వచ్చిన తెలుగు సందర్శకుడికి ఈ మరణాలు గుర్తురాకపోతే అతడు చూసినది ఒక పాత లారీని మాత్రమే.

కాబట్టి మన మ్యూజియం ముగిసిన విజయగాథ కాకూడదు. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించిన తీర్పూ ఉండాలి, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసిన తీర్పూ దాని పక్కనే ఉండాలి. ఎనిమిది మందిని ఎవరూ చంపలేదా అన్న ప్రశ్న సందర్శకుడికే వదిలేయాలి. ఏం చూపాలో, ఎలా చూపాలో నిర్ణయించే అధికారం బాధిత కుటుంబాలకు ఉండాలి. పాఠశాల పిల్లలను, ముఖ్యంగా అగ్రకులాల పిల్లలను, అక్కడికి తీసుకెళ్లడం చదువులో భాగం కావాలి.

ప్రభుత్వం భూమి ఇచ్చేదాకా విద్యార్థులు ఆగనక్కరలేదు. కారంచేడులో 1985లో ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటారు. ఆ తరం వెళ్లిపోతే మిగిలేవి పోలీసు రికార్డులూ కోర్టు తీర్పులూ మాత్రమే. చరిత్ర, సామాజిక శాస్త్రాల విద్యార్థులు ఈ వేసవిలోనే చీరాలకూ చుండూరుకూ వెళ్లి ఆ సాక్ష్యాలను వారి గొంతుల్లోనే రికార్డు చేయాలి. దళితవాడతోపాటు అవతలి వీధిలోకీ వెళ్లాలి. ఆ రోజు మీరెక్కడున్నారని అక్కడివాళ్లనూ అడగాలి. తలుపు తీయనివారి మౌనాన్ని కూడా తేదీ వేసి నమోదు చేయాలి.